నా గుండే బాలేదు

ఆ లాక్‌డౌన్ రోజుల్లో డబ్లిన్‌లో మంగలి షాపులు కూడా మూసేశారు. ట్రామ్‌లు ఖాళీగా తిరిగేవి, దుకాణాల ముందు జనం ఎడంగా నిలబడేవాళ్లు. నేను సిటీవెస్ట్‌లో అద్దె ఇంటి వంటింట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటూ, జుట్టు పెరిగిపోతే ట్రిమ్మర్ తీసుకుని నా క్షవరానికి నేనే పూనుకున్నాను. ఒక పక్క లోతెక్కువైంది, దాన్ని సరిచేయబోతే రెండో పక్క పోయింది, చివరికి గుండు మిగిలింది. (అమ్మ వీడియోలో చూసి, ఏ మొక్కు తీర్చుకున్నావని కంగారుగా అడిగింది.) పాతికేళ్ల వయసు కాబట్టి మళ్లీ మొలుస్తుందన్న ధీమా ఉండేది.

ఆ ఇంట్లో నాతో పాటు ఉండే డాక్టరన్న ఊరు వరంగల్. టాలా వైపు ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఊపిరి అందని వాళ్ల గొంతులోకి గొట్టం వేయడం అప్పట్లో ఆయన రోజువారీ పని. అంతలో ఆయనకే జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, సెలవు కూడా అయిపోవచ్చింది, మనిషి మాత్రం గదిలోంచి బయటికి రావడం మానేశాడు. ఒకరోజు గట్టిగా అడిగితే టీ కప్పు బల్ల మీద పెట్టి చెయ్యి చాచి చూపించాడు. వేళ్లు వణుకుతున్నాయి.

"పోయినసారి గొట్టం వేస్తుంటె గిట్లనే వణికింది తమ్మీ. ఆ పెద్దమనిషి బతికిండు గని, నా చేతి మీద నాకు గురి పోయింది. సోమవారం నేను పోను," అన్నాడు. ఆ ఒక్క రోజే కాదు, ఇక ఎప్పటికీ వెళ్లనని అంటున్నాడని నాకు అర్థమైంది. చాలా భయమేసింది.

చిన్నప్పుడు ఉండేలుతో తన గురికి తిరుగులేదని ఈ అన్నే తెగ గొప్పలు చెప్పేవాడు. మనసుకు మందు తెలియని ఇంజనీరును కాబట్టి, ఆ 'గురి' అన్న మాట పట్టుకుని ఉండేలు తయారు చేశాను. పెరట్లో దొరికిన పంగలకర్ర, వ్యాయామానికి వాడే రబ్బరు పట్టీ, బట్టల తీగ మీద వేలాడదీసిన ఖాళీ పెరుగు డబ్బా. రాళ్లు ఒక్కోటి ఒక్కో తీరుగా పోతాయి కదా, అందుకని గుండ్లన్నీ ఒకే కొలతలో పోత పోద్దామనుకున్నాను. పిల్లలు బొమ్మలు చేసుకునే ప్లాస్టర్ తెప్పించి, మొదటి విడత గుంతపొంగనాల పెనంలో పోశాను. అవి పెనంలోంచి ఊడలేదు, ఊడినవి ఉండేలులో పట్టలేదు. తర్వాత బంకమట్టిలో గోళీ నొక్కి, రెండు చిప్పల అచ్చు చేశాను. ఈసారి గుండ్లు ముచ్చటగా వచ్చాయి. (ఆఫీసులో ఏ పనికీ అంత గర్వపడలేదు.)

బతిమాలి అన్న చేత కొట్టించాను. ఒకటి ఎడమకి పోయింది, ఒకటి గోడ దాటింది. "చూసినవా," అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను దిగులుగా అక్కడే కూర్చుని మిగిలిన గుండ్లలో ఒకటి పగలగొట్టాను. లోపల ఒక పక్కగా గాలి బుడగ. బరువంతా రెండో పక్కనే ఉంటే సూటిగా ఎలా పోతుంది? తప్పు ఆయన చేతిది కాదు! సంతోషం పట్టలేక కిటికీ వైపు తిరిగి గట్టిగా అరిచాను.

"అన్నా, నా గుండే బాలేదు!"

అన్న చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. నన్ను పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టి, మణికట్టు మీద వేళ్లు పెట్టి, నొప్పి ఎడమ చేతిలోకి పాకుతోందా అని అడిగాడు.

"గుండె కాదన్నా, గుండు," అన్నాను.

ఆయన నా బోడితల వంక చూశాడు. "గదైతె మొలుస్తది గదరా," అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. నా నాడి మీదున్న ఆ మూడు వేళ్లనే చూస్తున్నాను. అవి వణకడం లేదు. నా చూపు వెంటే ఆయన చూపూ వాటి మీదికి వచ్చింది. చాలాసేపు వేళ్లు తీయలేదు. "నీ గుండె గ్రాండ్‌గ ఉంది తమ్మీ," అన్నాడు, బాగుందనడానికి ఐరిష్ వాళ్లు అన్నట్టే.

ఆ సాయంత్రం అచ్చులో ప్లాస్టర్ ఆయనే పోశాడు. సిరంజిని తట్టినట్టు గోటితో తడుతూ బుడగలు పైకి రప్పించాడు. ఆ గుండ్లతో కూడా పెరుగు డబ్బాను మా ఇద్దరిలో ఎవరమూ కొట్టలేకపోయాం. సోమవారం పొద్దున్నే అన్న ట్రామ్ ఎక్కాడు.

ఇప్పుడు ఆయన వేరే ఊళ్లో ఉన్నాడు. నాకు ట్రిమ్మర్ అవసరం తీరిపోయి, గుండు దానంతటదే వచ్చేసింది. ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగేది అదే: "గుండె ఎట్లుందిరా?" గుండా, గుండెనా అని నేనూ అడగను. తల నిమురుకుంటూ బాగానే ఉందన్నా అంటాను.