పక్క స్పోకులు

నా చిన్నప్పుడు పటమటలో ఉండేవాళ్ళం. మా నాన్న మంగళగిరి చీరల మూటను సైకిల్ వెనక కట్టుకుని, బ్యారేజీ మీదుగా తెచ్చి ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. ఆ వెనక చక్రం మా ఇంటికి పట్టిన శని. స్పోకు తెగేది, నాన్న కొత్తది వేయించేవారు, వారం తిరక్కుండా ఆ కొత్తదీ తెగేది. "అంతా డూప్లికేటు సరుకు!" అని తిట్టుకుంటూ చివరికి లావుపాటివి కూడా వేయించారు. అవీ తెగాయి.

ఆ రోజుల్లోనే నేనూ కూలబడ్డాను. ఇంటికి పెద్దపిల్లని కదా, వీధి కుళాయి నీళ్ళు, అంట్లు, చెల్లి జడలు, తమ్ముళ్ళ అల్లరి అన్నీ నావే. ఒకరోజు నీళ్ళ బిందెతో సహా గుమ్మంలో కళ్ళు తిరిగి పడిపోయాను. వట్టి బలహీనపు పిల్ల అన్నారందరూ. అమ్మ నాన్నచేత టానిక్ తెప్పించింది. నాన్న ఏకంగా బడి మాన్పించేద్దామన్నారు. బడంటే నాకు ప్రాణం. గోడవైపు తిరిగి పడుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ సాయంత్రం మళ్ళీ స్పోకు తెగింది. మా నాయనమ్మకు సైకిల్ గురించి ఓనమాలు కూడా తెలియవు. నులక మంచాలు అల్లడం మాత్రం ఆవిడకు కొట్టిన పిండి. సైకిల్‌ని తలకిందులు చేయించి, మంచం నులకను మీటి చూసినట్టే స్పోకులన్నీ వేలితో మీటుకుంటూ పోయింది. కొన్ని ఖంగుమన్నాయి. తెగినదాని పక్కనున్నవి కిక్కురుమనలేదు.

"తెగినదాన్ని తిడతావేంట్రా? పక్కవి చూడు, ఎంత హాయిగా ఏలాడుతున్నాయో! బరువంతా ఇదొక్కటే మోస్తే తెగక ఏం చేసుద్ది? ఎంత లావుది వేస్తే మాత్రం ఏం లాభం?" అంది. తర్వాత నా వైపు చూసి, "దీనికి నువ్వు తెచ్చిన టానిక్కూ అంతే," అంది.

నాన్న మర్నాడే కొత్త స్పోకు వేయించి, మిగతావన్నీ కూడా సమానంగా బిగింపించుకొచ్చారు. ఆ మరుసటి పొద్దున కుళాయి దగ్గరికి పెద్ద తమ్ముడు ఏడుపు మొహంతో బిందె మోసుకెళ్ళాడు. అయ్యో పాపం అనిపించలేదు నాకు, నిజం చెప్పొద్దూ! సంచీ తగిలించుకుని బడికి పరిగెత్తాను.

ఆ చక్రం మళ్ళీ మమ్మల్ని ఏడిపించలేదు. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా ఒక మనిషి కూలబడితే నా కళ్ళు ముందు పక్కవాళ్ళ మీదికి పోతాయి. మొన్న మా కోడలు నడుం పట్టేసి మంచమెక్కితే, మంచి డాక్టరు ఎవరమ్మా అని అడిగాడు మా అబ్బాయి.

"చెప్తాలే నాయనా, ముందు వంటింట్లోకి పద," అన్నాను.