బఠాణీ గింజంత రెటినాల్

ఆదోనిలో నేను పనిచేసే మందుల షాపుకి ఒక సాయంత్రం ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి, మొటిమలకు మంచి క్రీము ఏదన్నా ఉంటే ఇమ్మన్నారు. అల్మరాలోంచి రెండు రకాలు తీసి కౌంటర్ మీద పెట్టినాను. వాళ్లలో ఒక పిల్ల క్రీము వైపు చూడనేలేదు, నా మొహం చూసింది. పక్కపిల్లతో గుసగుసగా ఏదో అనింది. గుసగుస అయినా నాకు వినపడింది.

"ఈమెకే తగ్గలేదు, మనకేం తగ్గుతాయి?"

ఇద్దరూ ఏమీ కొనకుండా వెళ్లిపోయినారు. నాకు కోపం రాలేదు. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? తొమ్మిదో తరగతిలో మొదలైన మొటిమలు ముప్పై ఒకటో ఏట కూడా నన్ను వదల్లేదు. పెళ్లయింది, కూతురు పుట్టి రెండో తరగతికి వచ్చింది, చెంపల మీద గుల్లలు మాత్రం అట్లే ఉన్నాయి. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి రోజూ బస్సులోనే వచ్చిపోతాను. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఎవరూ చూడకుండా కొంగు చెంప మీదికి లాక్కునేదాన్ని.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. అప్పటికి రెండేళ్లుగా మా షాపులోని ఒక ట్యూబునే రాసుకుంటున్నాను. తెల్లగయ్యే క్రీము అని అందరూ అడిగి తీసుకుపోయేది. మొదటి నెల మొహం నిగనిగలాడింది. తర్వాత ఒక్కరోజు రాయకపోతే ఎరుపు, మంట, పొక్కులు. అందులో స్టెరాయిడ్ ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దాని మీద ఎర్రగీత కూడా ఉంది. రోజుకి పదిసార్లు ఆ ట్యూబు పట్టుకునే నేనే ఆ గీతను పట్టించుకోలేదు.

మరుసటి రోజు ఒక పూట సెలవు అడిగి, మా షాపుకి రెండు వీధుల అవతల ఉండే చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయినాను. ఆమె లైటు వేసి, భూతద్దంలోంచి నా మొహమంతా పరీక్షగా చూసి, ఏం రాసుకుంటున్నావని అడిగింది. చెప్పినాను. రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది.

"మందుల షాపులో ఉండి ఇదెట్లా రాసుకున్నావమ్మా?"

నేను తల దించుకున్నాను. ఆమె మళ్లీ పెన్ను తీసుకుంది. చర్మం పలచబడిపోయిందని, ముందు అది కోలుకోవాలని చెప్పింది. మూడు నెలలు మెత్తటి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఇంకేమీ తాకించొద్దంది. ఆ తర్వాత రెటినాల్ మొదలుపెడదామంది. విటమిన్ ఎ కి అది దగ్గరి చుట్టమట. పాత చర్మం రాలి కొత్తది తొందరగా వచ్చేటట్టు చేస్తుందట, రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తుందట. ఆ మాట వింటుంటేనే నాకు ఎక్కడలేని ఆశ పుట్టింది.

ఆ మూడు నెలల్లో ముందు మొహం ఇంకా పాడయింది. పాత ట్యూబు మానేసిన మంటకి తడిగుడ్డ వేసుకుని పడుకున్న రోజులున్నాయి. మెల్లగా అది సద్దుమణిగింది. డాక్టరమ్మ మళ్లీ చూసి సరేనంది. నేను అమ్మే షాపులో నేనే రెటినాల్ క్రీము కొనుక్కుని, ఇంటికి పోయేదాకా ఆగలేక బస్సులోనే డబ్బా విప్పి, లోపలి కాగితం మూడుసార్లు చదివినాను. కొత్త క్లాసు పుస్తకాలు వచ్చిన రోజు నా కూతురు ఎట్లా ఎగురుతుందో, ఆ రోజు నా మనసు అట్లా ఎగిరింది.

వారానికి రెండే రోజులు. రాత్రి అన్నం తిన్నాక మొహం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మొహం మొత్తానికీ కలిపి బఠాణీ గింజంత. కళ్ల దగ్గర, పెదాల అంచుల్లో వద్దు. పైన మాయిశ్చరైజర్. పగలు సన్‌స్క్రీన్ తప్పకూడదు. చివరగా డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది, కడుపు వస్తే ఆ రోజే ఆపేయాలని. నేను తలూపినాను.

మా అత్త మాతోనే ఉంటుంది. పొద్దున్నే మిగతా ఆడోళ్లతో ఆటో ఎక్కి గోనెగండ్ల వైపు చేన్లకి కూలికి పోతుంది, పత్తి తీసేదానికో ఉల్లిగడ్డ కోసేదానికో. ఏళ్ల తరబడి ఎండలో వంగి పనిచేసి ఆమె రెండు చెంపల మీదా నల్లగా మంగు పరుచుకుంది. మొదటి రోజు నేను వేలి మీద క్రీము పెట్టుకుంటే దగ్గరికొచ్చి వింతగా చూసింది.

"ఇంత మొగానికి ఇంతేనా? యాడికి సాల్తాది మే?"

అత్త మాట నా మనసులో అట్లే ఉండిపోయింది. రెండు వారాలు మొహం బాగానే తట్టుకునింది. ఇంకేం, వారానికి రెండు రోజులకే ఇంత బాగుంటే రోజూ రాస్తే ఎంత బాగుంటుంది అనుకున్నాను. ఐదు రోజులు వరసగా, అదీ మందంగా పట్టించినాను. ఆరో రోజుకి ముక్కు పక్కన ఉల్లిపొర మాదిరి చర్మం లేచింది. నీళ్లు తగిలితే భగ్గుమనేది. బస్సు కిటికీలోంచి వచ్చే వేడిగాలికి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. నాకు అంత క్రీము రాయమన్న అత్తే ఇప్పుడు దాన్ని దిబ్బలో పారేయమనింది. డాక్టరమ్మ మాత్రం పది రోజులు ఆపించి, మళ్లీ బఠాణీ గింజ దగ్గర నుంచే మొదలుపెట్టమంది.

ఈసారి బుద్ధిగా ఉన్నాను. ఆదివారం, బుధవారం, అంతే. రెండో నెలలో కొత్త మొటిమలు ఎక్కువైనాయి, అట్లా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు. నాలుగో నెలలో ఒక పొద్దున కొళాయి దగ్గర మొహం కడుగుతుంటే చెయ్యి చెంప మీద నుంచి గడ్డం దాకా ఎక్కడా తగులుకోకుండా జారిపోయింది. నమ్మలేక ఇంకోసారి తడిమినాను. తడి మొహంతోనే లోపలికి పరిగెత్తి, మగ్గం మీద ఉన్న మా ఆయన చెయ్యి పట్టుకుని నా చెంప మీద పెట్టినాను. ఆయన మాటలు తక్కువ మనిషి. నూలు పోగులంటిన వేళ్లతో అటూ ఇటూ రుద్ది చూసి, "నున్నగుందే" అన్నాడు. ఆ ఒక్కమాట చాలు, నాకు ఆ రోజంతా కాళ్లు నేల మీద నిలవలేదు. బస్సులో కిటికీ పక్కనే కూర్చుని ఆదోని దాకా గాలికి మొహం అట్లే వదిలేసినాను.

షాపులో అడిగేవాళ్లు ఎక్కువైనారు, ఏం రాస్తాండావక్కా అని. ముందు డాక్టరుకి చూపించుకోమని చెప్పేదాన్ని. ఆ ఎర్రగీత ట్యూబు చీటీ లేకుండా ఇవ్వొద్దని మా ఓనరుకి కూడా గట్టిగానే చెప్పినాను. బేరం పోతుందని మొదట నసిగినాడు. నా మొహం ముందెట్లుండేదో ఆయన కూడా చూసినాడు కాబట్టి చివరికి ఒప్పుకున్నాడు.

శ్రావణమాసంలో ఒక సోమవారం అందరం బస్సెక్కి ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయినాము. వరస చాలా పొడుగుంది, ఎండ మాడుస్తోంది. నేను సంచిలోంచి సన్‌స్క్రీన్ తీసి మళ్లీ రాసుకుంటుంటే అత్త అటూ ఇటూ చూసి, మెల్లగా అరచెయ్యి చాపింది.

"నాకూ ఇంత పెట్టు."

పెట్టినాను. ఆమె దాన్ని పసుపు రాసుకున్నట్టు గట్టిగా రుద్దేసుకుంది. మొహమంతా తెల్లటి చారలు పడినాయి. నా కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది, వరసలో వెనకున్న ఆడోళ్లూ నవ్వినారు. అత్త కూడా నవ్వేసి, కొంగుతో తుడవబోయి మళ్లీ ఆగిపోయింది, పోతుందేమోనని.

ఆ మరుసటి వారమే నాకు నెల తప్పినట్టు అనుమానం వచ్చింది. షాపులోంచే కిట్ తీసుకుని చూసుకున్నాను. రెండు గీతలు. సంతోషంతో గుండె ఎగిరిపడింది, వెంటనే క్రీము గుర్తొచ్చి చల్లబడిపోయింది. మొన్న బుధవారమే రాసుకున్నాను. చేతిలో పని వదిలేసి డాక్టరమ్మ దగ్గరికి దాదాపు పరుగెత్తినాను. నా వంతు వచ్చేదాకా కూర్చోలేక నిలబడే ఉన్నాను.

ఆమె నన్ను ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది.

"భయపడొద్దమ్మా. పైపూతగా అంత కొంచెం రాస్తే ఒంట్లోకి పోయేది చాలా తక్కువ. ఈ జాతి మందుల్లో మింగే మాత్రలతోనే పెద్ద ప్రమాదం, నువ్వు అవి మింగలేదు. ఈ రోజు నుంచి ఆపెయ్, కాన్పు డాక్టరుకి కూడా ఈ సంగతి చెప్పు."

కాన్పుల డాక్టరమ్మ కూడా అదే మాట అనింది. స్కానింగులు అన్నీ బాగున్నాయని చెప్పిన ప్రతిసారీ నాకు ఆ నీళ్ల గ్లాసు తాగిన చల్లదనమే తగిలేది.

రెండు గీతలు చూసిన రోజు సాయంత్రం ఇంట్లో మొదట అత్తకే చెప్పినాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి నిమిరింది. తర్వాత నేను క్రీము డబ్బా లోపల దాచబోతుంటే గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వు ఇంగ రాయవు గదా. నా మంగుకి పనికొస్తాదేమో ఆయమ్మను అడిగి సూడు."

ఆ సిగ్గు నేను అత్త మొహంలో ఎప్పుడూ చూడలేదు. ఆ వారమే ఒకరోజు కూలి మానుకుని నాతో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. డాక్టరమ్మ చూసి వాడొచ్చంది, కాకపోతే చేనికి పోయేముందు సన్‌స్క్రీన్, తలకు మొహం కప్పేటట్టు టవలు తప్పనిసరి అంది. అత్త నాలాగా తొందరపడలేదు. నా ఉల్లిపొరలు కళ్లారా చూసింది కదా.

నాకు కొడుకు పుట్టి ఇప్పటికి నాలుగు నెలలు. వాడు బంగారంలా ఉన్నాడు. కడుపుతో ఉన్నప్పుడు ఆరో నెలలో గడ్డం కింద మొటిమలు కొన్ని మళ్లీ వచ్చినాయి, పాలు మానేదాకా రెటినాల్ జోలికి పోను. అత్త చెంపల మీద మంగు పూర్తిగా పోలేదు గానీ అంచులు పలచబడినాయి. ఆటోలో ఆమెతో వచ్చే ఆడోళ్లు దాని గురించే అడుగుతారంట. మొన్న పొద్దున పిల్లోణ్ణి ఎత్తుకుని నా దగ్గరికి వచ్చి, ఆధార్ కార్డులో తన ఫొటో మరీ నల్లగా ఉందని, కొత్త ఫొటో దిగాలని పట్టుబట్టింది. ఎల్లుండి ఎర్రంచు చీర కట్టుకుంటుందంట. ఆధార్ సెంటరుకి నేనే తీసుకుపోతాండాను.