తేమ ఎక్కువున్న సంబంధం

ఆ రోజుల్లో ఫోన్ ఉన్నవాడు మనిషి, వేలితో తాకే ఫోన్ ఉన్నవాడు మహానుభావుడు. సూర్యాపేటలో నేను కొన్నది ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది: పైన తాకే తెర, పక్కకు నెడితే 'టక్'మని సొరుగులా బయటికొచ్చే కీబోర్డు. ఆ టక్కు వినబడితే మిర్యాలగూడలో నేను పనిచేసే రైసుమిల్లు బాయిలర్ కూడా ఊపిరి బిగబట్టేది (ఇందులో అతిశయోక్తి పావువంతే). మీటలు బంగారం, కళ్ళు మూసుకుని కొట్టినా తప్పు పోయేది కాదు. తెర మాత్రం మొండిఘటం. గోరుతో గుచ్చితేగానీ పలకదు, పలికితే మనం తాకిన పేరొదిలేసి దాని కింది పేరును పట్టుకునేది.

నా ఫోన్లో 'మాలిక్' కింద 'మామ' ఉండేవాడు. మాలిక్ అంటే మిల్లు యజమాని. మామ అంటే మా అమ్మ తమ్ముడు, ఒకరోజు నన్ను కోదాడ తీసుకెళ్ళి పిల్లను చూపించినవాడు. పిల్ల నాకు తెగ నచ్చింది. నోటితో చెప్పడానికి సిగ్గై, "రేపు మెసేజ్ పెడతా మామా" అన్నాను.

మర్నాడు మిల్లుకు నేరేడుచర్ల నుంచి వడ్ల లారీ వచ్చింది. గుప్పెడు గింజలు నలిపి, బియ్యం విరిగి నూకవడం చూసి, ఊళ్ళో లేని మాలిక్‌కు ఇంగ్లీషు అక్షరాల తెలుగులో టకటకా కొట్టాను: "తేమ ఎక్కువుంది. నూక పోయేటట్టుంది. మనకు వద్దు." గోరుతో మాలిక్‌ను గుచ్చాను. తెర మామను పట్టుకుంది.

మామ అప్పుడు పిల్ల వాళ్ళింట్లోనే నా జవాబు కోసం కూర్చున్నాడట. వెంటనే ఫోన్. "ఏందిరా గిది? అందరి ముంగట గట్టిగ సదివిన! పిల్లకు తేమేందిరా, నూక పోవుడేందిరా? నా ఇజ్జత్ ఖతం జేసినవ్!"

నా గొంతు ఎండిపోయింది (తేమ కొలిచే మిషను పెడితే సున్నా చూపేది). "మామా, అవి వడ్లు..." అంటుండగానే ఫోను చేతులు మారింది. అవతల ఆ పిల్లే!

"తేముంటే రెండెండలు ఆరబెడితే సరిపోద్దండీ. మీ మిల్లులో చెప్పలేదా?" వడ్లు పండించే ఇంటి పిల్ల, సంగతి ఆమెకొక్కదానికే అర్థమైంది. "ఇంతకీ వద్దన్నది వడ్లనా, నన్నా?"

నేను నోరు తెరిచాను. బ్యాటరీ నోరు మూసుకుంది (ఎంత ఛార్జింగ్ పెట్టినా పూట దాటేది కాదు).

ఇగ ఆగలేదు. ఒంటినిండా తవుడుతోనే కోదాడ బస్సెక్కాను. దారిపొడుగునా ఒకే మాట నెమరేసుకుంటూ పోయి, తలుపు తెరుచుకోగానే కళ్ళు గట్టిగా మూసుకుని, "మీరు నాకు చాలా నచ్చారండీ!" అన్నాను.

కళ్ళు తెరిస్తే ఎదురుగా పిల్ల తండ్రి. "సంతోషం బాబూ," అన్నాడాయన. "మా అమ్మాయిని కూడా పిలవమంటావా?"

ఒక్క మాట చెప్పడానికి అంత దూరం పోయిన ఆ తవుడు మొహం వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు ముచ్చటేస్తుంది. ఇవాళ అదే పిల్ల వంటింట్లో ఉంటే, నేను హాల్లోంచి లేవకుండా "టీ" అని మెసేజ్ పెడుతున్నాను.