‘తెలియదు’ అని సంతకం పెట్టిన మాస్టారు

మా ఫార్మసీ మాస్టారు పోయారని మొన్న ఆదివారం పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "అయ్యో" అన్నాను. ఆయన్ని తలుచుకుంటే నాకు దుఃఖం కన్నా ముందు అయోమయమే వస్తుంది.

రాజమండ్రి కాలేజీలో మందులు ఎలా కరుగుతాయో ఆయనే మాకు చెప్పేవారు. పాఠం మధ్యలో ఆగిపోయి, "ఏమో, ఇది నాక్కూడా సరిగ్గా తెలీదర్రా" అనేసేవారు. మాకు నవ్వొచ్చేది.

రెండు వేల సంవత్సరం దాటాక నేను పనిచేసే చిన్న కంపెనీలో ఒక నొప్పుల బిళ్ళ తయారుచేశాం. ఇంకొకరి మందు మనం చేస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఆ బిళ్ళా ఈ బిళ్ళా మింగించి, రక్తం తీసి, రెండూ ఒకటేనని చూపాలి. నీళ్ళలో సులువుగా కరిగే కొన్ని మందులకి ఆ పరీక్ష మినహాయిస్తారు. గాజు పాత్రలో కరిగించి చూపితే చాలు. మా మందు కడుపులో కరగదు, పేగుల్లోకి వెళ్ళాకే కరుగుతుంది. అలాంటివాటికీ మినహాయింపు ఇవ్వొచ్చని అప్పుడప్పుడే కొందరు అంటున్నారు. ఈ విషయం బాగా తెలిసినవారని, మా మందుకీ ఇవ్వొచ్చని మాస్టారి చేత రాయించుకు రమ్మని మా మేనేజరు నన్ను పంపాడు.

అప్పటికి ఆయన రిటైరై రామచంద్రపురంలో ఉంటున్నారు. కాగితాలన్నీ ఓపిగ్గా చదివారు.

"బిళ్ళ పేగుల్లోకి ఎంతసేపటికి వెళ్తుందమ్మా?"

"మనిషిని బట్టి ఉంటుందండి."

"ఏ మనిషిని బట్టి?"

"గాజు పాత్రలో పూర్తిగా కరిగిందండి మాస్టారూ" అన్నాను.

"చూశాను, బాగా కరిగింది. అది సరిపోతుందో లేదో మాత్రం నాకు తెలియదు."

సరిగ్గా ఆ మాటే రాసి సంతకం పెట్టారు. ఆఫీసులో ఆ కాగితం చూపించడానికి నాకు మొహం చెల్లలేదు. చివరికి మనుషుల మీద పరీక్ష చేయించారు. రెండు బిళ్ళలూ ఒకేలా పనిచేశాయి.

కాస్త ఉడుకుమోత్తనంతోనే వెళ్ళి ఆ సంగతి చెప్పాను. ఆయన మొహం వెలిగింది. "మంచిదమ్మా, ఇప్పుడు తెలిసింది" అన్నారు. అంతలోనే వాడిపోయింది. "అయితే అనవసరంగా వాళ్ళకి సూదులు గుచ్చించానా?"

"మీరేం చేశారండి? తెలియదనే కదా రాశారు."

"అదేనమ్మా. తెలియదన్నాను కాబట్టే గుచ్చారు."

అది జాగ్రత్తో చాదస్తమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అర్థంకాని కాగితం మీద అర్థమైనట్టు సంతకం పెట్టే అలవాటు మాత్రం నాకు పోయింది. అది ఆయన చలవే.

ఆ రోజు నన్ను ఆటో ఎక్కించడానికి వీధి చివరిదాకా వచ్చారు. "వాళ్ళంతా బాగానే ఉన్నారా?" అని అడిగారు. వాళ్ళెవరో కూడా నేనెరగను. "బాగున్నారండి" అనేశాను.

ఆటో కదిలాక వెనక్కి చూస్తే, ఎడమ మోచేతి మడతలో బొటనవేలు అదిమి పట్టుకుని, రక్తం ఇచ్చి వచ్చినవాళ్ళలా అక్కడే నిలబడి ఉన్నారు.