సావదులే, సదువుకో

మా అత్త పోయిందని పుంగనూరు నుంచి ఫోను వచ్చేసరికి నేను కుప్పంలో పనిచేసే బడికి బయలుదేరుతున్నాను. మామ గొంతు వినగానే సంగతి తెలిసిపోయింది. ఆయన తనంతట తాను ఫోను చేసే మనిషి కాదు. తప్పుగా అనుకోకండి, ఏడుపు కంటే ముందు నాకు చిరాకొచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఐదో భాగం అయిపోయేది కదా! ఉన్నన్నాళ్ళూ మమ్మల్ని విసిగించింది, పోవడం కూడా పుస్తకం నడుమనే పోయింది.

ఆమె మా నాన్న చెల్లెలు. మాది మదనపల్లె. ఆమెను పుంగనూరులో ఇచ్చారు. సదుం దారిలో వాళ్ళకు టమోటా తోట ఉండేది. ఎండాకాలం సెలవులు రాగానే నన్ను అక్కడికి తోలేసేవారు. మామ టమోటాలు బాక్సులకెత్తి మండీకి తీసుకుపోయేవాడు. అత్త కాయలు ఏరుతూ ఒళ్ళో నవల పెట్టుకునేది. మాంత్రికులు, మాట్లాడే గుర్రాలు, నీళ్ళ కింద కోటలు ఉంటే తప్ప ఆమెకు అది పుస్తకమే కాదు. ఆమె చదివిన నవలను చూస్తే చాలు, ఆ వారం ఏం వండిందో చెప్పేయొచ్చు. ఎక్కడ ఆపితే అక్కడ కొప్పులోని పిన్ను తీసి గుచ్చేది. బస్టాండు పక్కన అద్దెకు పుస్తకాలిచ్చే అంగడాయన ఆ తుప్పు మరకలు చూసి నెత్తి కొట్టుకునేవాడు.

తను చదువుకుని ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. ఊరంతా చదవాలి! మదనపల్లె బస్సు కండక్టరుకు మొదటి భాగం అంటగట్టింది. పాలు పోసే ఆమెకు చదువు రాదంటే వాకిట్లో కూర్చోబెట్టి కథంతా చెప్పింది, ఆ పూట పాలు విరిగిపోయాయి. నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకుకు కాఫీతో పాటు మూడో భాగం చేతిలో పెట్టింది. పాపం, ఆయన తిరిగివ్వడానికి మళ్ళీ వచ్చి, అలా మా ఇంటి అల్లుడయ్యాడు. మొదటి రెండు భాగాలు ఈనాటికీ చదవలేదు.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది ఒకటుంది. పుస్తకం చేతికిస్తూనే ముగింపు చెప్పేసేది.

"ముసిలి గుర్రం నడిమిట్లో సస్తాది. రాకుమారి సావదులే, సదువుకో."

అన్నం మానేశాను, అలిగాను, చెవులు మూసుకున్నాను. ఒకసారి గదిలోకి పోయి గడియ పెట్టుకుంటే కిటికీ దగ్గరికొచ్చి మరీ చెప్పింది. ఇదేం పాడు బుద్ధి అత్తా అంటే, ఎవరు చస్తారో తెలిశాక కూడా చదివించేదే మంచి పుస్తకం అని నాకే పాఠం చెప్పేది. పోనీ అంతటితో వదిలేదా? నాకు కామెర్లొచ్చి ఆస్పత్రిలో పడి ఉంటే మంచం పక్కన చేరి, "నువ్వూ సావవులే. కడా పేజీ సూసే వచ్చినా" అంది. ఒళ్ళు మండిపోయింది. అయితే ఆ మధ్యాహ్నమే నాకు చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది.

ఆమెకు ముగింపు తెలియని కథ ఒకే ఒకటి. తన నీడను మాంత్రికుడికి తాకట్టు పెట్టిన రాకుమారి కథ, మొత్తం ఐదు భాగాలు. నాలుగో భాగం చివర ఆ పిల్ల నిప్పుల ఏరు ఒడ్డున నిలబడి ఉంటుంది. ఐదోది తెప్పిస్తానన్న అంగడాయన అంగడే మూసేశాడు. తర్వాత అక్కడ సెల్‌ఫోన్ల అంగడి వెలిసింది. తిరుపతి పోయేవాళ్ళనీ బెంగళూరు పోయేవాళ్ళనీ అత్త వదల్లేదు. అందరూ సరేనన్నారు, ఎవరూ తేలేదు. నీడ తిరిగొస్తుందని నేను, రాదని ఆమె. ఏళ్ళ తరబడి ఇదే పోట్లాట.

చివరికి అది నాకే దొరికింది, కుప్పంలో మా బడిలోనే పనిచేసే ఒక టీచరమ్మ ఇంట్లో. బియ్యం డబ్బాకు మూతగా ఉంది! బతిమాలి తెచ్చుకుని, ఆదివారం పొయ్యి వెలిగించకుండా చదివేశాను. జీవితంలో మొదటిసారి ముగింపు నాకు తెలుసు, ఆమెకు తెలియదు. గడప దగ్గరే చెప్పేసి పగ తీర్చుకోవాలని పుంగనూరు బస్సెక్కాను.

అప్పటికే మదనపల్లె డాక్టర్లు ఆమెను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంత జబ్బని నాకు ఎవరూ సరిగా చెప్పలేదు. మంచంలో ఆమెను చూశాక పగ సంగతే మరిచిపోయాను. పుస్తకం చేతిలో పెడితే రెండు పేజీలకే కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇలాగైతే చివరిదాకా చదవడం ఆమె వల్ల కాదు. చెప్పేయడమే మంచిదనిపించింది.

"అత్తా, కడాకు ఏమైతాదో సెప్పేదా?"

"గమ్మునుండు. నేను సదువుకుంటా."

అంత దూరం చదవలేవేమో అన్నాను. చదవలేకపోతే చదవలేను, నువ్వు మాత్రం నోరు తెరవద్దంది. నాకు తిక్క రేగింది. జబ్బు మనిషని కూడా చూడకుండా, నా పుస్తకాలన్నీ చెడగొట్టినప్పుడు ఈ పట్టుదల ఎక్కడికి పోయిందని అడిగేశాను.

ఆమె నవ్వింది. నవ్వుతో వచ్చిన దగ్గు తగ్గినాక అంది: "నీకు బయమెక్కువ మే. నాకు లేదు."

కుప్పం వచ్చాక రోజూ ఫోను చేశాను. ఆరోగ్యం గురించి అడిగితే కసురుతుంది కాబట్టి, చిన్నప్పుడు ఆమె నన్నడిగే మాటే అడిగేదాన్ని, యాడికొచ్చినావు అని. చివరిసారి అడిగితే, "ఏరు కాడ్నే ఉండా. దాటల్ల" అంది.

పుంగనూరులో కర్మలన్నీ అయ్యాక ఆమె దిండు కింద పుస్తకం దొరికింది. పిన్ను అలాగే ఉంది. దాని తర్వాత ఇంకో వేలెడు మందం మిగిలి ఉంది. దాన్ని చూసినాక నాకు ఏడుపు ఆగలేదు.

బయట మామ ఖాళీ టమోటా బాక్సు మీద కూర్చుని ఉన్నాడు. మండీ చీటీ తప్ప ఏదీ చదివిన మనిషి కాదు. చివర్లో అత్త ఆయనకు కాస్త కాస్త చదివి వినిపించిందట. పుస్తకం ఇమ్మని చెయ్యి చాచాడు. మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ పాప సస్తాదా ఏమి? సచ్చేటట్టుంటే నాకొద్దు."

నలభై ఏళ్ళకు దగ్గరపడ్డాను. పుస్తకం ముగింపు చెప్పేవాళ్ళంటే నాకు ఇప్పటికీ పడదు.

"సావదులే మామా, సదువుకో" అన్నాను.

ఆయన పిన్ను తీసి చొక్కా జేబుకు గుచ్చుకున్నాడు. అత్త కళ్ళద్దాలు తెమ్మన్నాడు. అవి పెట్టుకుని, వేలు ఆనించి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ ఏటి ఒడ్డు నుంచి మొదలుపెట్టాడు.