కుందుర్పి ఎక్కించుకోని ఫైలు

ఉద్యోగంలో చివరి మూడేళ్లు అనంతపురంలోని ఒక కంప్యూటర్ కేంద్రంలో సిస్టమ్స్ అధికారిగా పనిచేశాను. చేరింది జూన్ మొదట్లో, వేరుశనగ విత్తనకాయల పంపిణీకి ముందు. నాకు అప్పగించింది ప్యాకేజీ రిపాజిటరీ. అంటే పంపిణీ ప్రోగ్రాములన్నీ ఉండే సర్వరు. మండలాల కంప్యూటర్లు కొత్త మార్పులను అక్కడినుంచే తెచ్చుకుంటాయి. ప్రతి ఫైలుకూ హ్యాష్ అనే సంఖ్య ఉంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. ఆ హ్యాష్‌ల జాబితాకు డిజిటల్ సంతకం చేసేది నేను. జాబితాతో కలవని ఫైలును మండలంలోని కంప్యూటర్ ఎక్కించుకోదు.

ఈ నియమం గురించి శిక్షణలో ఆపరేటర్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. హ్యాష్ కలవకపోతే ఎవరు చెప్పినా ఎక్కించొద్దన్నాను.

రెండో వారంలో కుందుర్పి విత్తన కేంద్రం నుంచి ఆపరేటర్ నాగవేణి ఫోన్ చేసింది. ప్రోగ్రాములో ఒక ఊరి పేరే లేదు, ఆ ఊరివాళ్లకు విత్తనకాయలు తీసుకునే స్లిప్పులు రావడం లేదు. ముందురోజే వాన పడింది. నేలలో తడి, ఆ పదును ఆరేలోపు విత్తుకోవాలి. నేను అరగంటలో తప్పు సరిచేశాను. ఆ తర్వాత కొత్త వెర్షన్ నంబరు ఇవ్వాలి, మార్పుల రిజిస్టరులో రాయాలి, జాబితాకు మళ్లీ సంతకం చెయ్యాలి. ఒక్క ఊరి పేరే కదా అని ఆ మూడూ ఎగ్గొట్టి, పాత నంబరు మీదే ఫైలు పెట్టేశాను.

పది నిమిషాలకు మళ్లీ ఫోన్. హ్యాష్ కలవలేదట. తనిఖీ పక్కనపెట్టి ఎక్కించెయ్యమన్నాను. ఆ పక్కనుంచి ఎవరో రైతు గొంతు వినబడుతోంది: "ఏమ్మా, పదును ఆరిపోతాండాది, ఇంగెప్పుడిస్తారు?"

"ఎక్కించను సార్," అంది నాగవేణి. "ఎవురు చెప్పినా వద్దన్నది మీరే గదా. ఎవురు చెప్పినా అంటే మీరు గూడా వస్తారు గదా."

నాకు ఒళ్లు మండింది. ఆమెదే తప్పని చూపించాలని ఫైలు తెరిచాను. హడావిడిలో నేను పెట్టింది సరిచేసిన ఫైలు కాదు, కిందటేటి రైతుల జాబితా ఉన్న పాతది. అది ఎక్కి ఉంటే ఈ ఏడు కొత్తగా పేరు రాయించుకున్న కౌలు రైతులంతా ఖాళీ సంచులతో తిరిగిపోయేవాళ్లు.

ఈసారి మూడు పనులూ వరసగా చేశాను. తప్పు నాదేనని ఆమెకు ఫోన్‌లో చెప్పాను. "సరే సార్, ఎక్కింది. స్లిప్పులు వస్తాండాయి" అని పెట్టేసింది. సాయంత్రానికి ఆ ఊరి సంచులు ఆటోల్లో బయలుదేరాయట. రెండు రోజుల తర్వాత అటు వెళ్తే చేలల్లో విత్తే గొర్రులు తిరుగుతున్నాయి. చాలా సంతోషం వేసింది.

బయటివాళ్లను ఆపడానికి ఎన్ని ఏర్పాట్లు చేసినా, సంతకం చేసేవాణ్ని ఆపే ఏర్పాటు లేకపోతే భద్రత సగమేనని అప్పుడు తెలిసింది. ఆ వారమే నా సంతకంతోపాటు మరో అధికారి సంతకం కూడా తప్పనిసరి చేశాను. పదవీ విరమణ చేసేదాకా, నా ఒక్కడి సంతకంతో ఏ ఫైలూ ఆ సర్వరు దాటలేదు.