వెనక్కి తిరగని నడక

నా తుపాకి గొట్టం ఆమె కడుపుకి ఎదురుగా ఉందని చూసిన క్షణంలో నాకు మొదటిసారి భయం తెలిసింది. నాతోపాటు శిక్షణకి వచ్చి పక్క వరసలో నడుస్తున్న ఆమె రాయి తగిలి "అమ్మా!" అంటూ పడింది. నేను గిరుక్కున తిరిగాను. నాతోపాటు తుపాకీ తిరిగింది. లోపల తూటా ఉంది. వేలు మీట మీదే ఉంది.

ఓడరేవు వైపు గోదాములకు కాపలా ఉండే ఉద్యోగానికి శిక్షణ అది. ఎనిమిది మంది ఆడవాళ్లం. చివరి పరీక్షలో నడుస్తూ ఐదు తూటాలు కాల్చాలి. ఐదూ అట్టబొమ్మ ఛాతీ మీద గీసిన గుండ్రంలో పడాలి, లేకపోతే ఇంటికే. మా ఆయన ఓడ ఎక్కి ఏడాదయింది, ఫోన్లు కూడా తగ్గిపోయాయి. ఇద్దరు పిల్లల్ని అమ్మకి అప్పజెప్పి ఈ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నాను.

శిక్షణ ఇచ్చే ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లం. సైన్యంలో చేసి వచ్చిన మనిషి. "బిందె ఎత్తుకుని గట్టు మీద నడిసినట్టు నడవండి. నడుం కింద నడక, నడుం పైన రాయి" అని, గొట్టం మీద ఖాళీ తూటా నిలబెట్టి నడిపించేవాడు. పడిపోయిన ఆమె బొబ్బిలి దగ్గర పల్లెలో నిజంగా బిందెలు మోసింది. ఆమె తూటా కదిలేది కాదు. సీతమ్మధారలో కుళాయి నీళ్లతో పెరిగిన నాది మూడో అడుగుకే కిందపడేది. ఆమే నాకు ఓపిగ్గా నడక నేర్పింది.

ఆ రోజు ఆమె అరుపుకి నేను తిరగ్గానే ఉస్తాద్ నా తుపాకి లాక్కున్నాడు. "డిగ్రీ సదివినావు కదేటి! అమ్మా అన్నోళ్లందరికీ నువ్వు తల్లివయిపోతావేటి?"

నన్ను అట్టబొమ్మ చోట నిలబెట్టాడు. మిగతా ఏడుగురి తుపాకులు ఖాళీ చేయించి, రెండుసార్లు చూసుకుని, ఒక్కొక్కరినీ నాకు గురిపెట్టి నడుస్తూ మీట నొక్కమన్నాడు. ప్రతిసారీ టక్. ఆఖరున, పడిపోయిన ఆమె వంతు.

"నావల్ల కాదు ఉస్తాద్."

"అయితే నువ్వూ ఇంటికెళ్లిపో."

ఆమె నడిచింది. టక్. అందరికంటే నిలకడగా ఉంది ఆమె గురి.

"తప్పు నాదే అమ్మీ, ఏటీ అనుకోకు" అంది ఇంటికెళ్లే బస్సులో. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి నాకు వేరే సాధన. నేను నడుస్తుంటే వెనక నుంచి ఆమె చేత "అమ్మా" అని అరిపించేవాడు. మొదట్లో నా భుజం కదిలేది. మూడు రోజులకి కదలడం మానేసింది.

"ఈవిడ గొంతు అలవాటైపోనాది. నీ పిల్ల ఏడుపు ఫోన్లో ఉందేటి?" అన్నాడు ఉస్తాద్.

ఉంది. పాపకి చెవులు కుట్టించిన రోజు తీసిన వీడియో. కంసాలి తీగ గుచ్చుతుంటే మేనమామ ఒళ్లో గుక్కపెట్టి "అమ్మా, అమ్మా" అంటుంది. లేదని చెప్పేయొచ్చు. నేనే తీసి ఇచ్చాను.

వారంపాటు ఆ ఏడుపు వింటూ నడిచాను. మొదలవగానే ఊపిరి సగం వదిలి, మీట నొక్కేదాన్ని. పరీక్షలో ఐదుకి ఐదూ పడ్డాయి.

"సెబాస్! రాయివైపోనావ్" అన్నాడు ఉస్తాద్. సంతోషంతో ఏడ్చాను.

ఆ సాయంత్రం మద్దిలపాలెంలో మా వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. వెనక నుంచి పాప "అమ్మా!" అంది. నా ఊపిరి దానంతటదే సగం బయటికి పోయింది. చేతులు ఆగలేదు. నీళ్లు వంపాను, మళ్లీ పోశాను.

"పిల్ల నెత్తురోడతంటే బియ్యం కడుగుతావేటే! మనిషివేనా?" అని అమ్మ అరిచాక తిరిగాను. గడప మీద పడి పాప గడ్డం చీలింది. మూడు కుట్లు పడ్డాయి. డాక్టరు సూది గుచ్చుతుంటే అది నా వైపు చూడలేదు. అమ్మమ్మ మెడ పట్టుకుని ఏడ్చింది.

పొద్దున్నే డ్యూటీ బట్టలు వేసుకుని ఇద్దర్నీ ముందు కూర్చోబెట్టాను.

"దెబ్బ తగిలితే అమ్మా అని అరవకండి. వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగండి."

"లేవలేకపోతేనో?" అన్నాడు బాబు.

"అమ్మమ్మని పిలవండి" అన్నాను.